లార్జ్ అని రాసిన డబ్బా

ఫోటో స్టూడియో నడిపి బతికిన నేను, స్కూలు బస్సు డ్రైవరు భార్యను, ఒక కూతురి తల్లిని, ఒక తమ్ముడి అక్కను, ఎవరి బలవంతమూ లేకుండా, పూర్తి తెలివితో, నా చేత్తో రాసుకుంటున్న వీలునామా ఇది. గుండె బలహీనంగా ఉందని డాక్టరమ్మ చెప్పింది. బుర్ర బలహీనంగా ఉందని మా తమ్ముడు తప్ప ఎవరూ అనలేదు, వాడి మాట ఈ కాగితంలో చెల్లదు.

ఆస్తికన్నా ముందు ఆట సంగతి చెప్పాలి. దాన్ని జియోక్యాషింగ్ అంటారు. ఒకరు ఎక్కడో ఒక డబ్బా దాచి, అది ఉన్న చోటు, దాని సైజు ఫోన్లో పెడతారు. మిగతావాళ్ళు వెతికి పట్టుకుని, లోపలి చీటీ మీద ఆటపేరు రాసి, మళ్ళీ అక్కడే పెట్టేస్తారు. నా ఆటపేరు డబ్బాలమ్మ. మా ఆయనది నత్త, ఎంత తొందరపెట్టినా ప్రతి రాయీ ఎత్తి చూసి గాని కదిలేవాడు కాదు. మా తమ్ముడిది ముందరివాడు. ఏ డబ్బా అయినా అందరికన్నా ముందు తనే పట్టుకోవాలని ఆ పేరు వాడికి వాడే పెట్టుకున్నాడు.

1. ఇల్లు, స్టూడియో, కెమెరాలు, దీపాలు, వెనక గుడ్డ మీద వేయించిన ఆ దిక్కుమాలిన జలపాతం, అన్నీ నా కూతురికి చెందుతాయి. ఫోటోలు కడిగే చీకటి గది, డార్క్‌రూమ్ మాత్రం ఇందులోకి రాదు. దాని తాళంచెవి కళ్ళద్దాల దుకాణం నడిపే నా స్నేహితురాలి దగ్గర ఉంటుంది. ఈ వీలునామాను అమలు చేసే బాధ్యత కూడా ఆవిడదే. అమ్మడూ, ఆ గది జోలికి నువ్వు పోవద్దు. లోపలి వైపు పిడి ఊడిపోయింది, తలుపు మూసుకుంటే బయటివాళ్ళే తియ్యాలి. బాగుచేయించమని మీ నాన్న చచ్చేలా పోరేవాడు. ఇప్పుడు అలాగే ఉండనివ్వాలని నేనే నిర్ణయించుకున్నాను.

2. అల్మారా నిండా ఉన్న ఫిల్ము రీలు డబ్బాలు పైన చెప్పిన స్నేహితురాలికి. మా ఆటలో వీటిని మైక్రో అంటారు. బుల్లి స్క్రూలు వేసుకోవడానికి పనికొస్తాయని ఎప్పటినుంచో అడుగుతోంది. బతికుండగా ఇవ్వడానికి నాకు చేతులు రాలేదు.

3. ఆయన అన్నం డబ్బా నా కూతురికి. అది స్మాల్. మూత ఒకవైపు నొక్కుకుపోయి ఉంటుంది, ఆ వైపు బొటనవేలితో నొక్కితేనే వస్తుంది. అందులో నువ్వు బడికెళ్ళే రోజుల్లో తల నుంచి ఊడిపోయిన రిబ్బను ఒకటి ఉంది. బస్సు సీటు కింద దొరికిందట. నీకు తిరిగి ఇవ్వకుండా ఆయనే దాచుకున్నాడు.

4. ఇనప పెట్టె, అంటే రెగ్యులర్ సైజుది, ఎదురింటి దర్జీకి. ఆయన ఇస్త్రీపెట్టె పొగలన్నీ నా ఫోటోల మీదికి వదిలినందుకు తిడదామనుకున్నాను గాని, సాక్షి సంతకం పెడుతున్నాడు కాబట్టి తిట్టడం లేదు.

5. ఇది ఆస్తి కాదు, మాట. నా కూతురికి, ఆటలోకి కొత్తగా వచ్చే ప్రతివాళ్ళకీ. సైజు అనేది డబ్బా అందం కోసం రాసేది కాదు. వెతికేవాళ్ళు ఒంట్లో ఎంత భాగం లోపల పెట్టాలో చెప్పేది. మైక్రో అంటే వేళ్ళు. స్మాల్ అంటే మణికట్టు దాకా. రెగ్యులర్ అంటే భుజం దాకా. లార్జ్ అంటే మొత్తం మనిషి దిగుతాడు. చీటీ ఏ డబ్బాలో ఉందో దాన్నే కొలవాలి. దాన్ని కప్పిన రాయినీ, దుంగనీ కాదు.

6. నా దగ్గర లార్జ్ డబ్బా లేదు. ఉన్నదాన్ని సుత్తితో నేనే చితక్కొట్టాను.

మూతబడ్డ నీళ్ళ పంపింగ్ కేంద్రంలో మా తమ్ముడు ఒక డబ్బా దాచాడు. అక్కడ పెద్ద వాల్వు తిప్పే ఇనప చక్రం ఉంటుంది, నా చేతులు చాచినా అంచులు అందవు. దాని ఇరుసు బోలుగా ఉంటే, అందులో చిటికెన వేలంత గొట్టం పెట్టి, చీటీ చుట్టి దూర్చాడు. ఫోన్లో సైజు దగ్గర లార్జ్ అని రాశాడు. కొలిచింది చక్రాన్ని. చక్రం కింద గుంట ఉంది, దాంట్లోకి నిచ్చెన ఉంది.

దాన్ని వెతకడానికి వెళ్ళిన మా ఆయన గుంట పై నుంచి నాకు ఫోన్ చేశాడు. "పైన చక్రం తప్ప ఏం లేదే. లార్జ్ అన్నాడుగా, కిందే ఉంటుంది. మీ తమ్ముడు అలాంటివి తప్పు రాయడులే" అన్నాడు. సరే, జాగ్రత్త అన్నాను. ఆ గుంటలో గాలి ఏళ్ళ తరబడి కదల్లేదు, ఊపిరాడక అక్కడే పోయాడు. పైకి తెచ్చినప్పుడు ఆయన ఒంటి మీద ఒక్క గీత కూడా లేదు.

ప్రమాదం అని రాసుకుని అందరూ వెళ్ళిపోయారు. సైజు మార్చరా అని తమ్ముణ్ణి అడిగాను. బతిమాలాను కూడా. "చక్రం పెద్దదే కదక్కా, నేనేం అబద్ధం రాశాను?" అన్నాడు. మారిస్తే తప్పు తనదని ఒప్పుకున్నట్టు అవుతుందని వాడి భయం. ఈ రోజుకీ అక్కడ లార్జ్ అనే ఉంది. మొన్న నా కూతురు "నాన్న వదిలేసింది నేను పట్టుకుంటానమ్మా" అంది. అమ్మడూ, నీకు చెప్పాను కాబట్టి నువ్వు దిగవు. నేను చెప్పడానికి వీల్లేనివాళ్ళు ఎందరో ఉన్నారు.

7. నా తమ్ముడికి, నాన్న చేతి గడియారం. కనబడినప్పుడల్లా అడిగేవాడు, మా ఆయన పోయిన రోజున కూడా అడిగాడు. ఇస్తున్నాను, ఒక షరతు మీద. నేను పోయిన కబురు అందిన రోజు పొద్దుగుంకేలోగా ఆ లార్జ్‌ని మైక్రోగా మార్చాలి. మారిస్తే నా స్నేహితురాలు డార్క్‌రూమ్‌లోంచి గడియారం తీసి వాడి చేతిలో పెడుతుంది.

మార్చకపోతే గడియారం ఆ గదిలోనే ఉంటుంది. దాన్ని పెట్టి నేను దాచిన ఆఖరి డబ్బా ఫోన్లో కనబడుతుంది, తాళంచెవి వాడికి అందుతుంది. ఎలాగూ ముందు వచ్చేది వాడే.

ఒరేయ్ తమ్ముడూ, ఎర్ర దీపం కింద, మందునీళ్ళు పోయే గుంట పక్క గోడకి ఒక కన్నం ఉంటుంది. సైజు దగ్గర స్మాల్ అని రాశాను. ఆ కొలత నా పద్ధతిలో వేశానో, నీ పద్ధతిలో వేశానో చెప్పను. నీ వెనక తలుపు మూసుకున్నాక, ఆ కన్నంలో చెయ్యి పెట్టేముందు, అక్క సైజు సరిగ్గానే రాసిందా అని నీకు అనుమానం వస్తుంది.

ఆయనకి రాలేదురా.

ఇది నేను చదువుకుని, సరిచూసుకుని, కింది ఇద్దరి ఎదుట సంతకం చేశాను. రిజిస్ట్రారుకు ఇచ్చే ప్రతిలో అసలు పేరు ఉంది. ఇంటివాళ్ళు చదువుకునే ఈ ప్రతిలో ఆటపేరు చాలు.

తేదీ: నవంబరు పదకొండు

సంతకం: డబ్బాలమ్మ

సాక్షులు:
ఎదురింటి దర్జీ
స్టూడియోకి రసాయనాలు సరఫరా చేసిన దుకాణదారు