గడపకి అడ్డం పెట్టిన దిండు

నతానీ,

ధర్నాకి గన్నవరం వెళ్తున్నా, సాయంత్రం దాకా రాను. ఉగ్గు వండి గిన్నెలో పెట్టాను. గోరువెచ్చగా చేసి మన పాపకి తినిపించు. స్నానానికి నలుగు గట్టిగా రుద్దొద్దని అత్తయ్యకి చెప్పు.

పాప పాకుతూ వచ్చినప్పుడల్లా నువ్వు గడపకి దిండు అడ్డం పెట్టడం నిన్న చూశాను. అడిగితే "తొలిసారి గడప దాటేది నువ్వు చూడకపోతే ఏడుస్తావుగా" అన్నావు. ఏడిస్తే ఏడుస్తాను. రోడ్డుకి అడ్డంగా కూర్చోవడానికి ఈ ఇంట్లో నేనొక్కదాన్ని చాలు. దిండు తీసెయ్. ఇవాళ దాటితే గడప గారెలు ఇవాళే వండించి వీధంతా పంచు. నా కోసం ఒక్క పూట కూడా పిల్లని ఆపొద్దు.

శాలిని

దాటగానే ఫోన్ చెయ్యి, మైకు చేతిలో ఉన్నా ఎత్తుతాను. ముందు ఏ చెయ్యి అవతల పెట్టిందో చూసి చెప్పు.