బల్ల కింద ఎనిమిదోది

విశాఖపట్నం, 3-11-2006
ముంచింగిపుట్టు కేంద్రం ఆపరేటరు కుమారి నీలవేణికి, ఆశీస్సులు.
మన కాఫీ రైతుల సంఘానికి ఉన్నవి ఏడు కంప్యూటర్లు. ఒకదానితో ఒకటి మాట్లాడే ముందు ప్రతిదీ 'నేను ఫలానా' అని భద్రతా సర్టిఫికెట్ చూపించాలి. అవి ఎక్కడెక్కడ చూపిస్తున్నాయో నిన్న చూస్తే ఎనిమిది చోట్ల కనిపించాయి! ఎనిమిదోది ఎవరో పెట్టిన దొంగ కంప్యూటరు, అది మీ ముంచింగిపుట్టులోనే ఉందని నా అనుమానం. అందుకే మీ లైను ఆపేశాను. ఎక్కడుందో పట్టుకుని రాయి.
ఇట్లు,
కృష్ణమూర్తి, నెట్‌వర్క్ అధికారి
తా.క. ఈమెయిలుకు జవాబివ్వవేం? లైను లేదని వంకలు చెప్పకు.

ముంచింగిపుట్టు, 9-11-2006
కృష్ణమూర్తి సార్ గారికి నీలవేణి నమస్కారాలు.
లైను లేక సంతలో కాఫీ రేటు చెప్పలేకపోయాను. షావుకారు బుజ్జిబాబు చెప్పిందే రేటయింది. ఊరంతా నా మీద కోపంగా ఉంది. అందుకే మీ ఉత్తరం సోమన్న తాతకి చదివి వినిపించాను. మా ఊళ్ళోకి కొత్తమనిషి వస్తే పూచీ ఎవరో తేల్చేది ఆయనే.
"కాయితం సూపిత్తే సరిపోద్దేటి? పూచీ ఎవుడో సూడు" అన్నాడు. మా కంప్యూటరు సర్టిఫికెట్ తెరిచాను. అది ఇచ్చి పూచీ పడింది బెంగళూరు కంపెనీ. "ఆడెప్పుడైనా మన ఘాటీ ఎక్కాడేటి?" అని అడిగాడు. జవాబు మీరే రాయాలి.
ఇట్లు,
గాసి నీలవేణి
తా.క. దొంగ కోసం ఊరంతా వెతికాం. దర్జీ మంగరాజు కుట్టుమిషను కూడా విప్పించారు. అది ఏ సర్టిఫికెట్టూ చూపించలేదు.

విశాఖపట్నం, 14-11-2006
నీలవేణికి,
నేనడిగింది ఎక్కడని. పూచీ ఎవరని కాదు! మీ తాతని కంప్యూటరు గదిలోకి రానివ్వకు. ఆ ఎనిమిది చోట్ల నెట్‌వర్క్ నంబర్లూ ఈ ఉత్తరం వెనకవైపు రాశాను. ఒక్కొక్కటీ తెరిచి చూసే తీరిక నాకు లేదు. వారంలో దొంగ దొరక్కపోతే మీ కంప్యూటరు రంపచోడవరం కేంద్రానికి పంపేస్తాను. నీ ఉద్యోగం సంగతి నువ్వే చూసుకో.
కృష్ణమూర్తి
తా.క. ఆ కుట్టుమిషను వెంటనే బిగించండి.

ముంచింగిపుట్టు, 19-11-2006
సార్ గారికి నమస్కారాలు.
మీ ఉత్తరం చూసి ఏడ్చాను. తర్వాత జీపెక్కి, లైను ఉన్న చింతపల్లి కేంద్రానికి వెళ్ళాను. తాతా వచ్చాడు. మీ మాట ప్రకారం గదిలోకి రాలేదు, కిటికీలోంచి చూశాడు.
మాది ముందే చూశాను కదా, మిగతా ఏడు నంబర్లూ తెరిచాను. మాదానితో కలిపి ఏడింటికి బెంగళూరు పూచీ. ఎనిమిదోదానికి మాత్రం సర్టిఫికెట్ ఇచ్చినవారు, పుచ్చుకున్నవారు ఒకరే. "తనకి తానే పూచీ! పెళ్ళికొడుకు తన గుణం తనే సెప్పుకున్నట్టుంది. ఈడే దొంగ. పేరు సదువు గుంటా" అన్నాడు.
పేరు ఉన్నదున్నట్టు రాస్తున్నాను సార్: 'కృష్ణమూర్తి, బల్ల కింద, ట్రయలు కంప్యూటరు.'
సంతకి బేగి లైను ఇప్పించండి.
ఇట్లు,
గాసి నీలవేణి
తా.క. పూచీ లేనివాళ్ళ మాట మా ఊళ్ళో చెల్లదు. అందుకని మీకు తాతే పూచీ పడ్డాడు. "మంచోడే, బల్ల కింద సూసుకోడు, అంతే" అని అందరి ముందూ చెప్పాడు.