తెర చదివే పెట్టె

నరసన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఈ ఖతార్‌లో, మెసయీద్‌లోని మన స్టోర్స్ ఆఫీసులో నేనింకా కంప్యూటర్ మీదే పని చేస్తున్నాను. నా చూపు పోతున్న సంగతి నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు. తెలిస్తే వీసా రద్దు చేసి ఇంటికి పంపేస్తారని భయం. పక్క సీట్లోంచి "కింది లైన్ల ఉన్నవ్ తమ్మీ, జర పైకి పో" అని నువ్వు అంటుంటే, మనం కబుర్లాడుకుంటున్నామని అనుకునేవారు అందరూ. ఆ గదిలో తెలుగు వచ్చింది మనిద్దరికే కదా.

ఇప్పుడు తెర మీది అక్షరాలను ఇంగ్లీషులో చదివే పెట్టె తెప్పించుకుని డ్రాయర్లో దాచాను. చెవులకు హెడ్‌ఫోన్స్ ఎందుకని అడిగితే పాటలు వింటున్నానంటాను.

ఇవాళ నీ గురించే ఆలోచిస్తూ హెడ్‌ఫోన్స్ వైరు పెట్టెకు తగిలించడం మరిచిపోయాను. మీట నొక్కగానే, "పైపులు, నలభై" అని అది ఇంగ్లీషులో గదంతా వినబడేలా చదివింది. చుట్టూ టైపింగ్ చప్పుళ్లు ఆగిపోయాయి. మేనేజర్ అడుగులు నా బల్ల దాకా వచ్చాయి.

"నీకు కళ్లు కనబడవా? మరి ఇన్నాళ్లూ ఎవరు చదివిపెట్టారు?" అని హిందీలో అడిగాడు. మెల్లగా అడిగాడు. అందుకే మరీ భయమేసింది.

అలవాటుగా నీ సీటు వైపు తిరిగాను. అక్కడ ఎవరైనా కూర్చున్నారో లేదో కూడా నాకు కనబడలేదు.