గాలి తలుపుకు పెట్టిన రాయి

భూపాలపల్లి

బిడ్డా శోభారాణికి పెద్దబాపు దీవెనలు.

మొన్న బాయి ఆఫీసులో మా పాత బొగ్గుబాయిలో గాలి ఎట్లా పారుతుందో కంప్యూటర్‌లో చూపించావు. ముప్పై ఏండ్లుగా గాలి లెక్కలే చేసిన ప్రొఫెసరువు. నీ బొమ్మలో గాలి నేను పనిచేసిన చివరి మూల దాకా వచ్చింది. "ఏమన్నా చెప్తవా తాతా?" అని ఆఫీసరు అడిగితే, సిగ్గుతో ఏమీ లేదని తల అడ్డంగా ఊపాను.

కానీ నీ బొమ్మలో గాలిని మళ్లించే చెక్కతలుపు మూసి ఉంది. మేము మూసేవాళ్లం కాదు. బొగ్గు టబ్బులు తోస్తూ మాటిమాటికి తెరవలేక, అది మూసుకోకుండా రాయి అడ్డం పెట్టేవాళ్లం. "ఏందిరా, గిది మీ అత్తగారింటి దర్వాజనా? ముయ్యి!" అని మా పని చూసే సర్దార్ తిట్టేవాడు. ఆయన అటు పోగానే మళ్లీ రాయి. అప్పుడు గాలి ఆ తలుపులోంచే అడ్డదారిన పోయి, లోపల మెడ మీది చెమట ఆరేది కాదు. ఒకనాడు నా జతగాడు ఐలేశ్ సొమ్మసిల్లి పడ్డాడు. ఆ రాయి పెట్టింది నేనే. ఇన్నేండ్లు ఎవరికీ చెప్పలేదు.

సోమవారం నీ లెక్క చూసి కొత్త బాయికి ఎంత పెద్ద పంకా కావాలో తేలుస్తారట. నీ లెక్క తప్పు కాదు బిడ్డా. కానీ రేపటివాళ్లూ రాయి పెడతారు. తలుపు తెరిచి ఉన్నట్టు ఇంకొకసారి లెక్క వెయ్యి. నువ్వు వేస్తే ఈ మాట వాళ్ల ముందు నిలబడుతుంది.

తలుపు సంగతి ఎవరు చెప్పారని అడిగితే, నా పేరు చెప్పు.

నీ పెద్దబాపు