బెంచ్ తీయించేస్తున్నాను

అక్కా,

నువ్వు పోయి ఎనిమిది నెలలైంది. ఇక్కడ నోయిడాలో ఎండలు ముదిరాయి. నేను బాగానే ఉన్నాను. ఆఫీసు, క్యాబు, ఇల్లు... అంతే.

నీ బెంచ్ సంగతి చెప్పాలి. కోపం తెచ్చుకోకుండా విను.

మన అపార్ట్‌మెంట్ల సొసైటీ పార్కులో పనివాళ్ళు కూర్చోకూడదన్న రూలు మీద ఎంత మండిపడ్డావో గుర్తుందా? ఒక ఇంట్లో పని అయ్యాక ఇంకో ఇంటికి వెళ్ళేలోపు వాళ్ళు ఎక్కడ కూర్చోవాలని మీటింగులో నిలదీశావు. అయినా రూలు మార్చలేదు. అప్పుడు ఆ ఆడవాళ్ళతోనే కలిసి గేటు బయట సిమెంటు బెంచ్ కట్టావు. తాము పనిచేసే ఇళ్ళలో పగిలిన కప్పులూ ప్లేట్లూ తెచ్చి వాళ్ళే దాని మీద అతికించారు. "చూడవే, ఆ ఇళ్ళవాళ్ళు రోజూ కార్లో వస్తూ పోతూ తమ ఇంటి పింగాణీ చూస్తారు. ఎన్నాళ్ళు సిగ్గుపడకుండా ఉంటారు?" అన్నావు.

సిగ్గా... పక్కన నిలబడి ఫొటోలు దిగారక్కా.

మొన్న ఎండకు తాళలేక మనింట్లో వంట చేసే కమల దీదీ పార్కులో చెట్టు కింద కూర్చుంటే గార్డు లేపేశాడు. నేను వెళ్ళి అడిగాను. బయట మీ అక్కగారు కట్టిన బెంచ్ ఉంది కదా, లోపలెందుకని సెక్రటరీ గారు ఎంతో మర్యాదగా అన్నారు. ఒళ్ళు మండిపోయింది, అయినా తిరిగి వచ్చేశాను. నువ్వుంటే ఏమనేదానివి?

ఈలోగా ఢిల్లీ ఆర్ట్ గ్యాలరీవాళ్ళు ఆ బెంచ్‌ను ప్రదర్శనకు అడిగారు. ససేమిరా అన్నాను. అక్కడ చుట్టూ తాడు కడతారు, ఎవర్నీ కూర్చోనివ్వరు. నువ్వు చేసింది అందుకా?

కానీ కమల దీదీ వాళ్ళే వచ్చి ఇచ్చేయమన్నారు. అది గేటు బయట ఉన్నంతకాలం తమ చోటు కూడా గేటు బయటేనట. చెబుతూ చెబుతూ దీదీ కళ్ళు తుడుచుకుంది. నువ్వంటే వాళ్ళకి ప్రాణం. అయినా అడిగారు... వాళ్ళు అన్నది తప్పా?

చాలా ఏడ్చాను. నీ చేత్తో చేసినవాటిలో నాకు రోజూ కనిపించేది అదొక్కటే మరి.

రేపు పొద్దున లారీ వస్తుంది. అది వెళ్ళగానే వాళ్ళంతా పార్కులోకి వెళ్తారట. నేను ఆఫీసుకు సెలవు పెట్టాను. వాళ్ళ మధ్యలోనే కూర్చుంటాను. లేపాలంటే ముందు నన్ను లేపాలి.

నీ చెల్లి