దండెం మీద వాతావరణం

ఫిబ్రవరి 3, మంగళవారం

ఈ రోజు నుంచి గాలి ప్రభుత్వ రహస్యం. నవ్వకూడదు కానీ నవ్వొచ్చింది. డైరెక్టర్ మా వాతావరణ కేంద్రం స్టాఫ్ అందరినీ హాల్లో నిలబెట్టి సర్క్యులర్ చదివాడు. గాలి వేగం, దిశ, పీడనం, అలల ఎత్తు, రేపటి అంచనా, ఏదీ ఆఫీసు గడప దాటకూడదు. రేడియోకి లేదు, పేపర్లకి లేదు, హార్బర్‌కీ లేదు. ఇంట్లో వాళ్లకు కూడా చెప్పకూడదట. శత్రువు డ్రోన్లు సముద్రం మీదుగా వస్తున్నాయి కాబట్టి వాటికి గాలి కబురు అందకూడదు. ఇంటర్నెట్ ఈ తీరమంతా ముందే కట్ చేశారు. జనం ఇంకెక్కడా చూసుకోలేరు.

అందరం సంతకాలు పెట్టాం. గాలిని కొలవడం, కొలిచింది చెప్పడం, ఇన్నేళ్లూ నా పని ఇదే. ఇక నుంచి సగమే.

ఫిబ్రవరి 4

తోడికోడలు ఎప్పటిలాగే మెట్ల దగ్గర పట్టుకుంది. మేం పైన, వాళ్లు కింద. మరిదికి చేపల పడవ ఉంది. అక్కా, రేపు ఈయన్ని పంపనా వద్దా అని రోజూ అడిగే మాటే అడిగింది. తెలీదన్నాను. నీకు తెలీకపోతే ఇంకెవరికి తెలుస్తుంది అంది. చెప్పకూడదమ్మా అన్నాను. మొహం మాడ్చుకుని లోపలికి వెళ్లిపోయింది.

మా ఆయన స్కూల్లో లెక్కలు చెబుతాడు, ఆయనకు రూల్ అంటే రూలే. సంతకం పెట్టావుగా, నోరు మూసుకుని కూర్చో అన్నాడు. నోరు మూసుకోవడం ఈయన దగ్గర నేర్చుకోవాలి కాబోలు. ఆ మాటకి ఇప్పటిదాకా మాట్లాడలేదు నేను.

ఫిబ్రవరి 9

సిగ్గూ, గర్వమూ రెండూ ఒకేసారి వచ్చిన రోజు.

నిన్న ఉతికిన బట్టలు మేడ మీద దండెం మీద వేయకుండా లోపల వరండాలో ఆరేశాను. మేడ మీద వేస్తే సాయంత్రానికి పక్క వీధిలో తేలతాయని నాకు తెలుసు కదా. ఏదో ఆలోచించి చేసింది కాదు, అలవాటు. సాయంత్రం ఈదురుగాలి లేచింది. మా వీధి పడవ ఒక్కటి కూడా నీళ్లలోకి దిగలేదు.

ఈ రోజు ఎదురింటామె నవ్వుతూ చెప్పింది. మీ మేడ ఖాళీగా కనిపించిందమ్మా, మా ఆయన్నీ మా తమ్ముణ్నీ ఆపేశాను అని. ఆమె భర్తదీ తమ్ముడిదీ ఒకటే పడవ. ఈమె ఒక్కతే కాదట, వీధి వీధంతా పొద్దున లేవగానే నా దండెం చూస్తారట. రేడియో ఉన్నప్పుడు కూడా రేడియో కంటే దీన్నే నమ్మేవాళ్లట. ఇన్నేళ్లూ నా చిరిగిన లంగాలు చూసి వేటకు వెళ్లారన్నమాట.

ఫిబ్రవరి 10

మేడ మీద ఆరేశాను. కావాలనే.

ఫిబ్రవరి 14

వరండాలో ఆరేశాను. ఎదురింటామె కిటికీలోంచి కొంచెం తల ఊపింది. ఎవరితోనూ ఏమీ అనలేదు, ఏ కాగితం మీదా ఏమీ రాయలేదు. సంతకం సంతకంలాగే ఉంది. మా ఆయన మాత్రం ఎండ ఫెళఫెళా కాస్తుంటే లోపల ఆరేస్తావేంటి అని నా వైపు వింతగా చూశాడు. మధ్యాహ్నానికి పెంకులు లేచిపోయాయి. అప్పుడు ఇంకా వింతగా చూశాడు.

తోడికోడలు మళ్లీ మాట్లాడుతోంది. ఏమీ అడగదు. మేడ మెట్లు ఊడ్చే పని మాత్రం ఆమే తీసుకుంది.

ఫిబ్రవరి 17

డ్రోన్లు వచ్చాయి. హార్బర్ వెనక ఆయిల్ ట్యాంకులు కాలిపోయాయి. గేటు దగ్గర వాచ్‌మన్ చనిపోయాడు. ఇంట్లో కిటికీలు మూసినా పొగ కంపు పోవడం లేదు.

గాలి లేని రోజు. పొద్దున నా బట్టలన్నీ మేడ మీదే ఉన్నాయి.

శత్రువులకు ఉపగ్రహాలున్నాయి, నా దుప్పట్లు ఎవడిక్కావాలి. అలా అనుకుంటూనే ఉన్నాను. అయినా అన్నం సహించలేదు. ఈ వీధిలో వాళ్ల మనిషి ఒకడుంటే? ఎవరని అనుమానించను? కూరగాయల బండివాడిని కూడా ఎగాదిగా చూశాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

ఫిబ్రవరి 19

డైరెక్టర్ గదిలోకి పిలిచారు. డైరెక్టర్ కుర్చీలో వేరే మనిషి ఉన్నాడు, డైరెక్టర్ పక్కన నిలబడి ఉన్నాడు. భద్రతా శాఖట. గొంతు పైకి లేవదు, కూర్చోండమ్మా, మంచినీళ్లు తాగండమ్మా అంటాడు. వీడికి మెత్తటాయన అని పేరు పెట్టుకున్నాను.

ఫొటోలు పరిచాడు. అన్నీ మా మేడే. బట్టలున్న మేడ, బట్టల్లేని మేడ. ప్రతి ఫొటో పక్కన మా ఆఫీసు అంచనా. ఒక్కటీ తప్పలేదు. ఉద్యోగంలో ఇంత కచ్చితంగా ఉన్నందుకు ప్రమోషన్ ఇవ్వాలండీ అన్నాను. భయమేసినప్పుడే నాకిలాంటి వెటకారాలు వస్తాయి.

ఆయన కూడా నవ్వాడు. వాచ్‌మన్ భార్యకు ఈ ఫొటోలు చూపించమంటారా అని అడిగాడు. నా నవ్వు ఆగిపోయింది. అరెస్టు ఏమీ వద్దమ్మా, రేపట్నుంచి రోజూ మేడ మీదే ఆరేయండి, వానొచ్చినా సరే, ఎందుకో ఎవరికీ చెప్పకండి అన్నాడు. చెబితే నన్నూ, విన్నవాళ్లనీ కూడా విచారణ లేకుండా లోపల పెట్టొచ్చట. ఆ చట్టం కూడా చదివి వినిపించాడు, అదే మెత్తటి గొంతుతో.

ఫిబ్రవరి 21

ఉతకడానికి బట్టల్లేవు. ఆరినవే తడిపి మళ్లీ ఆరేశాను.

ఫిబ్రవరి 24, సాయంత్రం

పీడనం పడిపోతోంది. మధ్యాహ్నం నుంచి గంట గంటకీ పడుతోంది. రేపు పొద్దున ఆకాశం అద్దంలా ఉంటుంది, సముద్రం కూడా నెమ్మదిగా ఉంటుంది. అదే భయం. చూసేవాడికి అనుమానం రాదు. మధ్యాహ్నం దాటాక దక్షిణం నుంచి విరుచుకుపడుతుంది.

డైరెక్టర్ దగ్గరకు పరిగెత్తాను. హార్బర్‌కి ఒక్క ఫోన్ చేయండి సార్ అన్నాను. ఫైలు రాజధానికి పంపాను, జవాబు రాలేదు అన్నాడు. గాలి ఫైలు కోసం ఆగదు సార్ అన్నాను. నాకూ పిల్లలున్నారమ్మా అన్నాడు. ఆయన కళ్లల్లో నీళ్లు చూశాక ఇంకేం తిట్టను.

ఇంటికొచ్చి తోడికోడల్ని వంటింట్లోకి లాగాను. కుళాయి తిప్పి, ఆ చప్పుడులో, చెవి దగ్గర చెప్పాను. రేపు అతన్ని పంపకు, మేడ మీద బట్టలు నమ్మకు, ఎవరితోనూ అనకు. ఎవరితోనూ అనకు అని రెండోసారి కూడా అన్నాను. ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. మరి వీధిలో వాళ్లో అని ఆమె అడగలేదు. నేనూ అనలేదు.

ఫిబ్రవరి 25, పొద్దున

ఆరేశాను. దుప్పట్లు, చీరలు, ఆయన చొక్కాలు. వీధి చివర మెత్తటాయన మనిషి సిగరెట్ కాలుస్తూ చూస్తున్నాడు. క్లిప్పు రెండుసార్లు కింద పడింది.

మరిదికి జ్వరమని కింద ప్రచారం జరిగింది. ఎదురింటామె జ్వరం మాత్రలు పట్టుకుని వచ్చింది. పోతూ పోతూ తలెత్తి నా దండెం చూసి, ఈ రోజు ఎండ బాగా కాస్తుంది కదమ్మా అంది. ఊ అన్నాను.

ఊ అన్నాను!

అరగంట తర్వాత ఆమె భర్త, తమ్ముడు వలలు భుజాన వేసుకుని వెళ్లారు. తమ్ముడు ఈల వేస్తున్నాడు. మేడ దిగి వెనక పరిగెత్తొచ్చు. ఇప్పుడు కూడా పరిగెత్తొచ్చు, ఇంకా రేవు దాటి ఉండరు. ఇక్కడ కూర్చుని ఇది రాస్తున్నాను.

ఫిబ్రవరి 25, సాయంత్రం

వచ్చింది. మిగతా పడవలు ఎలాగో తిరిగి రేవు చేరాయి. వాళ్లది రాలేదు.

ఫిబ్రవరి 26

పొద్దున్నే ఆఫీసుకెళ్లి రాత్రి రీడింగులన్నీ చూశాను. బయటికొచ్చేసరికి రేవులో అందరూ ఉన్నారు. వెతకడానికి దక్షిణం వైపు వెళ్దామని పడవలు తిప్పుతున్నారు. ఎదురింటామె నన్ను చూసి వచ్చి, అమ్మా, గాలి ఎటు తీసుకెళ్లి ఉంటుందమ్మా అని రెండు చేతులూ పట్టుకుంది.

మెత్తటాయన అక్కడే ఉన్నాడు. చూస్తూనే ఉన్నాడు.

చెప్పాను. అరిచి చెప్పాను. దక్షిణం కాదు, ఉత్తరానికి వెళ్లండి. తెల్లారుజామున గాలి తిరిగి పడమటి నుంచి సముద్రం మీదికి వీచింది, కాబట్టి ఒడ్డున వెతక్కండి, లోపలికి వెళ్లి వెతకండి. గాలి వేగం చెప్పాను, ఎన్ని గంటలు వీచిందో చెప్పాను, అలల ఎత్తు కూడా చెప్పాను. ఆగడం చేతకాలేదు. అందరికంటే ముందు మరిదే పడవ దింపాడు. నిన్నటి జ్వరం గురించి అతన్ని ఎవరూ అడగలేదు.

ఫిబ్రవరి 27

నేను చెప్పిన చోటే పడవ దొరికింది, బోర్లా పడి. తమ్ముడు పడవ అంచు పట్టుకుని ఉన్నాడు, ఊపిరుంది. బావ నడుముకి తాడు కట్టి పట్టుకున్నాడు. ఆయనకు లేదు.

ఫిబ్రవరి 28

సస్పెండ్ చేశారు. కేసు పెడతారట. మెత్తటాయన ఇంటికే వచ్చాడు. రేవులో చెప్పింది అందరూ విన్నారు సరే, అంతకు ముందు ఎవరికైనా చెప్పారా అని అడిగాడు. తోడికోడలు తలుపు వెనక నిలబడి ఉంది, ఆమె చీర అంచు కనిపిస్తోంది. ఎవరికీ చెప్పలేదన్నాను. మా ఆయన, రూల్ అంటే రూల్ అనే మనిషి, నిజమేనండీ, ఎవరికీ చెప్పలేదు అన్నాడు. ఆయనకు అన్నీ తెలుసు.

మార్చి 1

ఎదురింటామె వచ్చి నా కాళ్లకు దండం పెట్టబోయింది. నీ వల్లే తమ్ముడు బతికాడు, నీ వల్లే కడసారి మనిషిని చూసుకున్నాను, మా కోసం ఉద్యోగం పోగొట్టుకున్నావు అంది. వీధి అంతా అదే అంటోంది. పాలావిడ కూడా కళ్లొత్తుకుంది.

భరించలేను. తోడికోడలు నా కాళ్లు పట్టుకుంది, చెప్పొద్దక్కా, ఈ వీధిలో ఎలా తలెత్తుకుని తిరుగుతాం అని. ఆమె తప్పేం లేదు.

మార్చి 2

వెళ్లి చెప్పాను. జ్వరం అబద్ధమని. ముందు రోజు సాయంత్రమే నాకు తెలుసని. ఒక్కరికే చెప్పానని.

ఆమె తిట్టలేదు, ఏడవలేదు. మీ గుమ్మానికీ మా గుమ్మానికీ ఎంత దూరమమ్మా అని అడిగింది.