పుక్కిలించే మందు

కేంబ్రిడ్జ్, ఒంటారియో

ప్రియమైన సంతోషక్కకి,

ప్రభువు కృపవల్ల బాగున్నాను. ఫోన్లో చెబితే సగంలో ప్రార్థన మొదలెట్టేస్తావు, అందుకే రాస్తున్నాను. నేను స్కాచ్ తాగడం నేర్చుకుంటున్నాను. కోప్పడకుండా చివరిదాకా చదువు.

మా ఆయన డేవిడ్‌సన్ శనివారాలు పక్కింటికి వెళ్లొస్తే ఒక వాసన వచ్చేది. నాకు నాన్న పనిచేసిన మిషన్ ఆస్పత్రి గుర్తొచ్చేది. గొంతు కోసం పుక్కిలించే మందన్నాడు. పెళ్లయినప్పటి నుంచీ నమ్మాను! ఆయన పోయాక పక్కింటి రాజగోపాల్ అంకుల్ సగమైన స్కాచ్ సీసా ఒకటి తెచ్చి, "ఇది మీ ఆయనదమ్మా, మా ఇంట్లో దాచుకునేవాడు" అన్నారు. మూత తీస్తే అదే వాసన. ఒళ్లు మండిపోయిందక్కా. తాగినందుకు కాదు, ఇన్నేళ్లలో ఒక్కసారైనా నాకు చెప్పలేదే అని. ఆయనకు అందులో ఏం దొరికిందో తెలుసుకోకుండా ఈ ఇల్లు అమ్మి సర్రీకి, నీ దగ్గరకు రాలేను.

అంకుల్ పోసిచ్చారు. చర్చిలో ప్రభువు బల్ల దగ్గర ద్రాక్షరసం తీసుకున్నట్టే తల వంచి, కళ్లు మూసుకుని ఒక్క గుక్కలో మింగేశాను. ఒకటే దగ్గు. "అయ్యయ్యో, అలా కాదమ్మా! రెండు చుక్కలు నీళ్లు కలుపు. నోరు కాస్త తెరిచి వాసన చూడు. తర్వాత నాలిక మీద ఉంచు" అని నవ్వారు. ఇప్పుడు కొంచెం తెలుస్తోంది. మొదట టింక్చర్, వెనకాల పొగ, ఆఖర్న మాడిన బెల్లం.

నీ చెల్లెలు,
ఏనీ

*

అక్కా,

నువ్వు జవాబు రాయలేదు. ఇల్లు కొనేవాళ్లు వచ్చారు, నేనే సంతకం పెట్టలేదు. ఎందుకో చెబుతాను, పిచ్చిదాన్ననుకోకు.

శనివారం సాయంత్రం ఆయన కుర్చీ ముందు కూడా ఒక గ్లాసు పోసి, వాసన పోకుండా అంకుల్ చెప్పినట్టు మూత పెట్టాను. ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి మూత పెట్టినట్టే ఉంది, గ్లాసు మాత్రం సగమైంది. తాళం నా దగ్గరే ఉంది. వాకిట్లో మంచు మీద నా అడుగులు తప్ప ఇంకెవరివీ లేవు. మళ్లీ వారమూ అంతే. ఈసారి అంచు కూడా తడిగా ఉంది.

అంకుల్‌ని అడిగాను. "స్కాచ్ నిలవ ఉంచే పీపాల్లో కొంత ఆవిరైపోతుందమ్మా. దాన్ని దేవదూతల వాటా అంటారు" అన్నారు.

"మూత పెట్టిన గ్లాసులో కూడానా అంకుల్?"

అంకుల్ కోటు వేసుకుని వెళ్లిపోయారు. మళ్లీ రాలేదు.

భయంగానే ఉందక్కా. కానీ నేను వచ్చేస్తే డేవిడ్‌సన్ ఈ ఖాళీ ఇంట్లో ఎవరి కోసం వెతుక్కుంటాడు? అందుకే నేను రాను.

ఏనీ

*

సర్రీ, బ్రిటిష్ కొలంబియా

ఏనీ తల్లీ,

మొదటి ఉత్తరం చదివి మండిపడ్డాను, ప్రార్థన కూడా చేశాను. రెండోది చదివాక ఇక దాచలేను. పోయినేడాది మా ఇంటికొచ్చినప్పుడు మరిదిగారి బ్యాగులో సీసా నా కంటపడింది. నిలదీశాను. ఆయన ముఖం పాలిపోయింది. "వదినగారూ, ఏనీకి మాత్రం చెప్పకండి. ఆ వాసన వస్తే మీ నాన్నగారు గుర్తొచ్చి నా భుజం మీద తల పెట్టుకుంటుంది. అది తాగే మందు వాసనని తెలిస్తే మళ్లీ పెట్టదు" అన్నారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఇంకో మాట. పొద్దున నీ ఉత్తరం విప్పినప్పటి నుంచీ ఇల్లంతా టింక్చర్ వాసన. మా ఇంట్లో దగ్గు మందు కూడా లేదు. బల్ల మీద నేను మూత పెట్టి ఉంచిన గోరువెచ్చని నీళ్లు సగమయ్యాయి. నేను ముట్టుకోలేదు.

ఇల్లు అమ్మేసి రా. అక్కడ నువ్వు ఎవరికీ కాపలా ఉండక్కర్లేదు. ఆయన నీకంటే ముందే వచ్చేశారు.

వచ్చేటప్పుడు ఆ సీసా తీసుకురా. ఆయన వట్టి నీళ్లతో ఎన్నాళ్లని సరిపెట్టుకుంటారు!

మీ ఇద్దరి కోసం ఎదురుచూసే,
సంతోషక్క